చీటీ మీద పేరు లేనంత మాత్రాన సరిపోదు

ప్రశ్న: మా విభాగంలో నేను కాక 14 మంది. నివేదికలు తయారుచేసి మిగతా విభాగాలకు పంపడం మా పని. బాధ్యత నాది. ఏ సమావేశం పెట్టినా ఆ ముగ్గురే మాట్లాడతారు. మిగతావాళ్లు తలూపి వెళ్లిపోయి, అసలు మాటలు బయట వరండాలో మాట్లాడుకుంటారు. అందుకని రెండు నెలల కిందట అందరికీ చీటీలిచ్చి, "మన పని ఎలా మెరుగుపడాలి? పేరు రాయక్కర్లేదు" అన్నాను. అప్పటికప్పుడే పోగుచేసి ఒక్కొక్కటీ పైకి చదివాను. ఒకదాంట్లో ఒక సహోద్యోగి గురించి చాలా కటువుగా ఉంది. పేరు లేదు గానీ ఎవరి గురించో గదిలో అందరికీ అర్థమైంది. సగం చదివేశాక గానీ నేను ఆ సంగతి గమనించలేదు. ఆ తర్వాత చేతులెత్తించి ఓటింగ్ పెడితే, నేను ముందునుంచీ అంటూ వస్తున్న ఆలోచనే గెలిచింది. పోయిన నెల మళ్లీ చీటీలిస్తే 14లో 6 ఖాళీగా తిరిగొచ్చాయి. ఆ సహోద్యోగి అప్పటినుంచీ నాతో ముభావంగా ఉంటున్నారు. ఈ పద్ధతి మాలాంటి చోట పనికిరాదా? ఖాళీ చీటీలిచ్చినవాళ్ల చేత ఎలా మాట్లాడించాలి?

సమాధానం: ముందు ఆ సహోద్యోగి సంగతి చూడండి. పద్ధతి గురించి తర్వాత మాట్లాడుకుందాం. ఆయన దగ్గరికి మీరే వెళ్లండి, మీ గదికి పిలిపించుకోకండి. "ఆ చీటీ నేను చదవకుండా ఉండాల్సింది. ముందు చూసుకోకుండా అందరి ముందూ చదివాను, తప్పు నాది" అని చెప్పండి. అక్కడితో ఆపండి. అందులో రాసింది నిజమా కాదా అన్న చర్చలోకి దిగకండి, ఎవరు రాసి ఉంటారన్న ఊహలోకి అసలు వెళ్లకండి. ఆ తర్వాత వచ్చే సమావేశంలో అందరి ముందూ అదే మాట రెండు వాక్యాల్లో చెప్పండి. ఆయనకు దెబ్బ తగిలింది అందరి ముందు, కాబట్టి క్షమాపణ కూడా అందరికీ వినిపించాలి. ఇది జరిగేదాకా మీరు ఎంత మంచి పద్ధతి తెచ్చినా చీటీలు ఖాళీగానే వస్తాయని నా నమ్మకం. ఆ చీటీ రాయని 13 మంది కూడా ఒకటి నేర్చుకున్నారు: ఇక్కడ కాగితం మీద పెట్టింది ఏదైనా, ఎవరి గురించైనా, గొంతెత్తి చదివేస్తారు.

పద్ధతి పనికొస్తుంది. మీరు చేసినదాంట్లో పద్ధతి సగమే ఉంది, ఆ మిగిలిన సగంలోనే అసలు విషయమంతా ఉంది.

మనుషులు గుంపులో ఎందుకు నోరు మూసుకుంటారో చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. 1950ల్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు ప్రసిద్ధం. ఒక గీత చూపిస్తారు, పక్కనే మూడు గీతలు. దానితో సమానమైనది ఏదో చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేంత తేలిక. కానీ గదిలో మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకున్న ప్రకారం ఒకే తప్పు జవాబు చెబుతారు. అలాంటి సందర్భాల్లో దాదాపు మూడో వంతు సార్లు, ఆ ఏర్పాటు తెలియని ఒక్క వ్యక్తి కూడా నలుగురితో నారాయణా అన్నాడు. ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాసుకోమన్నప్పుడు ఆ లొంగుబాటు బాగా తగ్గింది. కళ్లకు కనిపిస్తున్న గీత విషయంలోనే ఇలా ఉంటే, "మన నివేదికలు ఎందుకు ఆలస్యమవుతున్నాయి" లాంటి ప్రశ్నకు, పై అధికారి ఎదురుగా కూర్చుని ఉండగా, ఎవరైనా ఒంటరిగా ఎదురు చెప్పాలంటే ఎంత తెగువ కావాలో ఆలోచించండి.

భయం ఒక్కటే కారణం కాదు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెర్రీ, బ్లాక్ అనే ముగ్గురు ఒక పోలిక చేశారు. నలుగురు కలిసి కూర్చుని పైకి చెప్పుకుంటూ ఆలోచనలు పోగేస్తే ఎన్ని వస్తాయి, నలుగురు విడివిడిగా రాసినవాటిలో ఒకేలా ఉన్నవి తీసేసి కలిపితే ఎన్ని వస్తాయి అని. విడివిడిగా రాసినవాళ్లవే దాదాపు రెట్టింపు తేలాయి. అప్పటికే ప్రకటనల రంగంలోని అలెక్స్ ఆస్‌బోర్న్ ప్రచారం చేసిన బ్రెయిన్‌స్టార్మింగ్ అన్నిచోట్లా పాకిపోయి ఉంది, అందుకే ఈ ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఎందుకిలా జరుగుతుందో 1987లో డీల్, స్ట్రోబె అనే పరిశోధకులు విడదీసి చూశారు. ప్రధాన కారణం చాలా మామూలుది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగినంతసేపూ తన ఆలోచన మరిచిపోకుండా పట్టుకోవాలి, ఎదుటివాడి మాట వినాలి, ఈలోగా కొత్త ఆలోచన పుట్టదు. మీ విభాగంలో మౌనంగా ఉండే 11 మందిలో కొందరు బెదిరిపోయి కాదు, వంతు వచ్చేసరికి చెప్పాలనుకున్నది చేజారిపోయి ఊరుకుని ఉండొచ్చు.

అందుకే ఈ పనికి ఒక క్రమం ఏర్పాటు చేశారు. అమెరికాలో ఆండ్రే డెల్బెక్, ఆండ్రూ వాన్ డె వెన్ 1960ల చివర్లో రూపొందించిన దాన్ని నామినల్ గ్రూప్ టెక్నిక్ అంటారు. నామినల్ అంటే పేరుకు మాత్రమే గుంపు: అందరూ ఒకే గదిలో ఉంటారు, కానీ కొంతసేపు ఎవరి పని వాళ్లదే. ముందు మౌనంగా రాయడం, తర్వాత వంతులవారీగా ఒక్కొక్క ఆలోచన బోర్డు మీదికి రావడం, తర్వాత అర్థంకానివి అడిగి తెలుసుకోవడం, చివర్న ఎవరికి వారు రహస్యంగా వరుస ఇవ్వడం. వాళ్ల పద్ధతిలో ఆలోచన చెప్పేటప్పుడు పేరు దాగదు, ఎవరిది వాళ్లే చదువుతారు. దాగేది ఓటు మాత్రమే. మీరు దీన్ని సరిగ్గా తిరగేశారు. ఆలోచనకు పేరు తీసేశారు, ఓటును మాత్రం చేతులెత్తించి బట్టబయలు చేశారు. రెండింట్లో ఒకటే దాచగలిగితే నేను ఓటునే దాస్తాను. మీ ఆలోచన పక్కన చెయ్యి ఎత్తని మనిషి ఎవరో మీకు తెలుస్తుందని వాళ్లకు తెలుసు కాబట్టే ఆ రోజు దానికి చేతులు లేచాయి. ఆ గెలుపును లెక్కలోకి తీసుకోకండి. కొట్టేసి, ఆ ఆలోచనను మళ్లీ జాబితాలో మిగతావాటి పక్కన పెట్టండి.

జరిగిన గాయం తర్వాత మీ దగ్గర మాత్రం రెండూ దాచాలి, కనీసం కొన్నిసార్లు. అలా దాచాలంటే "పేరు రాయకండి" అన్న ఒక్క మాట సరిపోదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి సమావేశంలో కూర్చున్నాను. సంస్థ పేరు అనవసరం. చీటీలు ఒక ట్రేలో వేయమన్నారు. ట్రే వరసగా బల్ల చుట్టూ తిరిగింది. నా చీటీ వేసి పక్కనావిడకు అందించాను, ఆవిడ తనది నా దానిమీద పెట్టింది. ట్రే పెద్దాయన ముందుకు చేరింది. ఆయన పైనుంచి ఒక్కొక్కటీ తీసి చదవడం మొదలుపెట్టాడు. మూడోది నా పక్కనావిడది, నాలుగోది నాది. ఎవరూ ఏమీ అనలేదు, కానీ ఒక్కో కాగితం పైకి లేస్తున్నకొద్దీ బల్ల చుట్టూ కళ్లు ఒక్కో కుర్చీ చొప్పున జరుగుతూ పోవడం నేను చూశాను. ఆయనకు ఏ దురుద్దేశమూ లేదు. చీటీలు కలపాలన్న ఆలోచన తట్టలేదు, అంతే. ఆ తర్వాత అక్కడ పనిచేసిన నాలుగేళ్లలో నేను ఏ చీటీ మీదా మనసులో మాట రాయలేదు.

కాబట్టి దాపరికమంతా ఇలాంటి చిన్న చిన్న పనుల్లోనే ఉంది. అందరికీ ఒకే రకం కాగితం, ఒకే రంగు పెన్ను ఇవ్వండి. చీటీలు ట్రేలో కాకుండా మూత ఉన్న పెట్టెలో పడాలి, పెట్టెను బాగా కుదపాలి. ఆ పెట్టె మీరు తెరవకూడదు. ఇది ముఖ్యం. రోజూ వాళ్ల రాతకోతలు చూసేది మీరే, చేతిరాత మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మీ విభాగంతో సంబంధంలేని ఒకరిని పిలవండి. వేరే విభాగంలో అందరూ మర్యాదగా చూసే మనిషి, విన్నది కడుపులో పెట్టుకోగలిగినవాళ్లు అయితే చాలు. వాళ్లు పక్కగదిలో కూర్చుని చీటీలన్నీ టైపు చేసి, వరస తారుమారు చేసి, ఒక జాబితాగా తేవాలి. ఈలోగా 20 నిమిషాలు విరామం ఇవ్వండి. చేతిరాత అక్కడితో మాయమవుతుంది, చీటీలు అక్కడే చించేయాలి.

ఆ మనిషికి ఇంకో పని కూడా ఉంది. వ్యక్తుల మీద రాసిన చీటీలు పక్కన పెట్టడం. ఈ నియమం రాయడానికి ముందే అందరికీ చెప్పాలి: "పని గురించి రాయండి. మనిషి గురించి రాసింది జాబితాలోకి రాదు." ఎవరైనా వేధింపు లాంటి తీవ్రమైన విషయం రాస్తే అది ఓటింగ్‌కు పెట్టే సరుకు కాదు. దానికి ఫిర్యాదు దారి వేరే ఉంటుంది, ఆ దారి ఏమిటో కూడా అదే రోజు చెప్పండి. లేకపోతే దారి తెలియనివాళ్లు ఇక్కడే దాన్ని దూర్చాల్సి వస్తుంది. కిందటిసారి ఆ కటువైన చీటీ రాసినవాళ్లకు కూడా వేరే చోటు దొరక్కే అక్కడ కక్కి ఉండొచ్చు.

ఫోన్‌లో ఫారం పంపితే ఈ బాధలన్నీ ఉండవు కదా అనిపిస్తుంది. కొన్ని పోతాయి, కొన్ని కొత్తవి వస్తాయి. ఫారం మెయిల్ ఐడీ తీసుకుంటోందేమో చూసుకోవాలి. జవాబు ఏ సమయానికి వచ్చిందో కూడా అందులో పడుతుంది. ఒంటిగంటకు ఒక్కరే ఖాళీగా ఉంటారని అందరికీ తెలిసినచోట ఆ సమయం పేరు రాసినట్టే. "మీ అనుభవం ఎన్నేళ్లు", "ఏ బృందం" లాంటి ప్రశ్నలు 14 మందిలో అడిగితే ముగ్గురు నలుగురి దగ్గర ముసుగు అక్కడే తొలగిపోతుంది. ఓట్లు పడుతున్నకొద్దీ తెరమీద గీతలు పెరుగుతూ కనిపించే యాప్‌లయితే అసలు వద్దు. మొదటి నాలుగు ఓట్లు చూసి ఐదోవాళ్లు వేస్తారు, మళ్లీ ఆష్ గదిలోకే వచ్చిపడతాం. నిజం చెప్పాలంటే, ఎవరు రాశారో తెలుసుకునే వీలు మీకు ఏ కొంచెం ఉన్నా దాన్ని "ఎవరికీ తెలియదు" అనకండి. "నాకు తెలిసినా బయటపెట్టను" అనేది వేరే మాట. ఏది నిజమో అదే చెప్పండి.

ఇక ప్రశ్న సంగతి. "మన పని ఎలా మెరుగుపడాలి" అని అడిగితే "సమన్వయం పెరగాలి", "సమాచారం సకాలంలో అందాలి" లాంటివే వస్తాయి. అవి ఎవరూ కాదనలేని మాటలు, ఎవరూ రేపు పొద్దున్న చేయలేని పనులు. మీ విభాగంలో కళ్లముందు కనిపించే చిక్కు ఒకటి పట్టుకోండి. ఉదాహరణకు: "పంపిన నివేదిక సవరణల కోసం వెనక్కి రావడానికి, మీరు కళ్లారా చూసిన కారణాలేమిటి?" ఇందులో "కళ్లారా చూసిన" అన్న మాట చాలా పని చేస్తుంది. అభిప్రాయాల నుంచి మనిషిని అనుభవంలోకి దించుతుంది. కారణాలు అడిగేటప్పుడు కారణాలే అడగండి, పరిష్కారాలు ఇంకోరోజు. రెండూ కలిపి అడిగితే జాబితా కలగాపులగమై వరుస పెట్టడానికి వీల్లేకుండా పోతుంది. సమావేశానికి ముందు బయటి మనిషి ఒకరికి ఆ ప్రశ్న చూపించి, ఎలాంటి జవాబులు రాస్తారో చూడండి. మీరు అనుకున్న రకం జవాబులు రాకపోతే ప్రశ్నలోనే ఏదో లోపం ఉంది. ఈ ఒక్క పనికి మీరు గంట కేటాయించినా నష్టం లేదు.

14 మందికి ఒకే బల్ల వద్దు. ఈ పద్ధతికి ఐదు నుంచి తొమ్మిది మంది దాకా అనువు. ఏడుగురు చొప్పున రెండు బల్లలు చేయండి. మాట్లాడే ఆ ముగ్గురినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలని అనిపిస్తుంది, అలా చేయకండి, అది అందరికీ కనిపించిపోతుంది. లాటరీ వేసి మనుషుల్ని రెండు బల్లలకూ పంచండి.

రాయడానికి పది నిమిషాలు. నిజంగా మౌనం. మొదటి మూడు నాలుగు నిమిషాల్లో అందరికీ తెలిసిన కారణాలు వచ్చేస్తాయి. పెన్నులు ఆగుతాయి, ఒకరిద్దరు తలెత్తి చుట్టూ చూస్తారు, ఎవరో గొంతు సవరించుకుంటారు. నడిపించేవాళ్లకు అప్పుడు ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. అనకూడదు. ఆరో నిమిషంలోనో ఏడో నిమిషంలోనో ఒక పెన్ను మళ్లీ కదులుతుంది. ఎవరూ ఇంతకుముందు అనని సంగతి తరచు ఆ రెండో విడతలోనే వస్తుంది. 1985లో స్టాసర్, టైటస్ అనే పరిశోధకులు గుంపు చర్చలను గమనించి ఒక విషయం చెప్పారు: అందరికీ ముందే తెలిసిన సమాచారం చుట్టూనే చర్చ తిరుగుతుంది, ఒక్కరికే తెలిసినది బల్ల మీదికి రావడం అరుదు. ఆ ఒక్కరికే తెలిసినది రాబట్టడానికే ఇంత తతంగం. అందుకే ఆ మౌనాన్ని కుదించకండి. ఒక్కొక్క ఆలోచనకు ఒక్కో చీటీ ఇవ్వండి, మనిషికి నాలుగైదు చొప్పున.

జాబితా టైపయి వచ్చాక చదవడం, వివరణ. ఇక్కడ ఒక చిక్కుంది, దీన్ని తేలిగ్గా తీసుకుంటే చివర్న వచ్చే వరుస అబద్ధం చెబుతుంది. "నివేదిక మూసలో రోజుకో మార్పు వస్తోంది" అని ఒకరు, "ఏది కొత్త మూసో తెలియడం లేదు" అని ఇంకొకరు రాశారనుకోండి. రెండూ విడిగా ఉంచితే ఓట్లు చీలి రెండూ కిందికి పోతాయి. సరే, కలపాలి. కానీ కలపడం అలవాటయ్యాక చేతులు ఆగవు. దాన్నీ దీన్నీ కలిపి "స్పష్టత లోపం" అని ఒక పెద్ద సంచీ కుడతారు. అందులో తొమ్మిది ఆలోచనలు దూరతాయి, అందరూ దానికే ఓటేస్తారు, గెలిచింది ఏమిటో ఎవరికీ తెలియదు. నా నియమం ఇది: ఒకదాన్ని సరిచేస్తే రెండోది తనంతట తానే సర్దుకుంటే కలపండి, లేకపోతే విడిగా ఉంచండి. అనుమానం వస్తే విడిగానే ఉంచండి.

వివరణ అడిగేటప్పుడు "ఇది ఎవరు రాశారు?" అన్న ప్రశ్న రాకూడదు. "దీన్ని ఎవరైనా వివరించగలరా?" అనాలి. రాసినవాళ్లే చెప్పొచ్చు, పక్కవాళ్లూ చెప్పొచ్చు. ఎవరూ చెప్పకపోతే రాసింది రాసినట్టు ఉంచి ముందుకు పోండి. ఈ దశలో వాదనలు వద్దు, "ఇది జరిగేపని కాదు" అన్న తీర్పులూ వద్దు. ఆ ముగ్గురు ఇక్కడే నోరు విప్పుతారు. వాళ్లను అవమానించకుండా, "అర్థమైందా లేదా అన్నదే ఇప్పుడు, బాగుందా లేదా అన్నది ఓటులో చెప్పండి" అని నడిపించేవాళ్లు ఒకే వాక్యం ప్రతిసారీ అనాలి. మాట్లాడేవాళ్లు చెడ్డవాళ్లు కారు. చాలాసార్లు వాళ్లు మాట్లాడేది ఎవరో ఒకరు మాట్లాడాలి కదా అని.

వరుస పెట్టడం. మొత్తం జాబితాకు 1 నుంచి 20 దాకా వరుస ఇమ్మంటే ఎవరి వల్లా కాదు, మధ్యలోవన్నీ గుడ్డిగా నింపేస్తారు. ప్రతి ఒక్కరూ అయిదు ఎంచుకోవాలి, అయిదు చిన్న అట్టముక్కల మీద ఒక్కోటి రాసుకోవాలి. ఇప్పుడు ఆ అయిదింట్లో అన్నిటికన్నా ముఖ్యమైనదానికి 5 మార్కులు వేసి బోర్లా పెట్టాలి. మిగిలిన నాలుగింట్లో అన్నిటికన్నా తక్కువదానికి 1. మిగిలిన మూడింట్లో ముఖ్యమైనదానికి 4. రెండింట్లో తక్కువదానికి 2. చేతిలో మిగిలిందానికి 3. పైనొకటి కిందొకటిగా తీయడం వింతగా అనిపిస్తుంది గానీ, ప్రతి అడుగులో మనసు తేలిగ్గా తేల్చుకోగలిగేది అదే: ఏది ఎక్కువ, ఏది తక్కువ. మధ్యవాటి మధ్య తేడా తేల్చడమే కష్టం, అది చివరికి తనంతట తానే తేలిపోతుంది.

మార్కులు కూడటం చిన్న లెక్క. కానీ మొత్తం ఒక్కటే చూసి సంబరపడకండి. ఒక ఆలోచనకు అయిదుగురు తలా 5 వేశారనుకోండి, 25. ఇంకోదానికి అయిదుగురు 3 చొప్పున, మరో అయిదుగురు 2 చొప్పున వేశారు, అదీ 25. మొదటిది అయిదుగురికి ప్రాణం మీదికొచ్చిన సమస్య, మిగతా తొమ్మిది మందికి దాని ఊసే లేదు. రెండోది పదిమందికీ ఉంది గానీ ఎవరి నిద్రా చెడగొట్టడం లేదు. రెండింటికీ చేయాల్సిన వైద్యం వేరు. అందుకే బోర్డు మీద మొత్తంతోపాటు ఎంతమంది వేశారు, ఏయే మార్కులు పడ్డాయి అన్నది కూడా రాయండి. 5లూ 1లూ మాత్రమే పడి మధ్యలో ఏమీ లేకపోతే, చాలాసార్లు ఆ వాక్యాన్ని రెండు రకాలుగా అర్థం చేసుకున్నారని గుర్తు. దాని మీద పది నిమిషాలు మాట్లాడి మళ్లీ రహస్యంగా ఓటు పెట్టండి. రెండో ఓటు లేకుండా ముగించడం నాకు ఇష్టం ఉండదు. మొదటిది కేవలం ఎక్కడ మాట్లాడాలో చూపించే దీపం.

ఇలా మార్కులు కూడే పద్ధతికి 18వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త బోర్డా పేరు ముడిపడి ఉంది. దీని బలహీనత కూడా అప్పటినుంచే తెలుసు: తనకు నచ్చిన ఆలోచనకు పోటీగా ఉన్నదాన్ని కావాలని కిందికి తొయ్యొచ్చు. మొదటి ఓటు ఫలితం చూశాక ఆ ఆశ ఇంకా పెరుగుతుంది. 14 మంది ఉన్నచోట, గెలిచినవాళ్లకు బహుమతులూ పేర్లూ ఏమీ లేనప్పుడు, ఇది పెద్దగా జరగదు. ఫలితాన్ని బట్టి ఎవరి కుర్చీకో ఎసరు వచ్చేట్టుంటే మాత్రం ఈ పద్ధతి వాడకండి. జీతాలు, పదోన్నతులు, ఎవరిని ఎక్కడికి మార్చాలి అన్నవి దీంతో తేల్చేవి కావు.

రెండు బల్లల నుంచీ పైన తేలిన అయిదేసి తీసుకుని, ఒకేలా ఉన్నవి కలిపి, ఒకే జాబితా చేయండి. దానిమీద 14 మందీ చివరి ఓటు వేస్తారు. అంతా కలిపి రెండు గంటలు, విరామాలతో మరికొంచెం. మీ మనుషులు వేర్వేరు చోట్ల ఉంటే డెల్ఫీ అనే ఇంకో పద్ధతి ఉంది. అమెరికాలోని రాండ్ సంస్థలో డాల్కీ, హెల్మర్ రూపొందించారు. అందులో ఎవరూ కలుసుకోరు, విడతలవారీగా ప్రశ్నావళి వెళ్తుంది, ముందు విడత ఫలితం పేర్లు లేకుండా అందరికీ చూపిస్తారు. వారాలు పడుతుంది. ఒకే అంతస్తులో కూర్చునే మీకు అది అనవసరం.

మరి ఈ రెండు గంటలూ మీరెక్కడ ఉండాలి? నా సలహా, గదిలో ఉండకండి. మొదట్లో వచ్చి, క్షమాపణ, ప్రశ్న, నియమాలు చెప్పి బయటికి రండి. నడిపించేది కూడా ఆ బయటి మనిషే. మీకు ఓటు వద్దు, చీటీ వద్దు. ఇది మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, మీ ఆలోచన బాగుందని మీరు నమ్ముతున్నారు, నిజంగానే బాగుండొచ్చు. బాగుంటే ఎవరో ఒకరు రాస్తారు. ఎవరూ రాయకపోతే అది కూడా మీరు తెలుసుకోవాల్సిన సంగతే.

బయటికి వచ్చేముందు ఒక మాట మాత్రం ఇవ్వాలి, అది ఇచ్చేముందు మీలో మీరు తేల్చుకోవాలి: వచ్చిన వరుసతో మీరేం చేస్తారు? "మొదటి మూడింటి మీద నెలలోపు ఏదో ఒకటి చేస్తాను, చేయలేకపోతే ఎందుకో మీ అందరి ముందూ చెబుతాను" అనగలిగితే చాలు. మీ చేతిలో లేనివి, బడ్జెట్, పోస్టులు, పై విభాగం నియమాలు, ఇవీ అని ముందే చెప్పండి. చేయలేనని ముందే చెప్పినదాన్ని చేయకపోయినా మనుషులు ఓర్చుకుంటారు. అడిగి, రాయించి, వరుస పెట్టించి, ఆ కాగితం సొరుగులో పెట్టేస్తే ఓర్చుకోరు. మీ ఉత్తరంలో ఒకటి నాకు కనబడలేదు. కిందటిసారి గెలిచిన ఆ ఆలోచన అమలైందా? మిగతా చీటీల్లో ఏముంది, వాటికి ఏమైంది? ఖాళీగా వచ్చిన ఆరు చీటీల్లో కొన్ని ఆ ప్రశ్నే అడుగుతున్నాయేమో.

చివరికి మీ రెండో ప్రశ్న, వాళ్లచేత ఎలా మాట్లాడించాలని. మాట్లాడించకండి. ఆ ఆరుగురు ఎవరో కనుక్కునే ప్రయత్నం కూడా చేయకండి, అది మొదలుపెడితే మిగతా ఎనిమిదీ ఖాళీ అవుతాయి. ఖాళీగా ఇవ్వడం వాళ్ల హక్కు అని ముందే చెప్పండి. రాసేటప్పుడు అందరి పెన్నులూ కదులుతుంటే తనొక్కరే ఊరుకున్నట్టు కనిపించకుండా, ఏమీ రాయదలుచుకోనివాళ్లు ప్రశ్ననే తిరిగి రాసి పెట్టెలో వేయొచ్చని చెప్పండి. టైపు చేసేవాళ్లు జాబితా చివర "ఖాళీలు: ఇన్ని" అని అంకె వేస్తారు. ఆ అంకె బోర్డు మీద మిగతావాటితోపాటే ఉండనివ్వండి, దాని గురించి ఏమీ అనకండి. మూడు నెలల తర్వాత ఇంకో ప్రశ్నతో మళ్లీ కూర్చున్నప్పుడు, ఆరు కాస్తా నాలుగైందో తొమ్మిదైందో చూసుకోండి. అప్పుడు నాకు రాయండి.